ముందు సీటు వెనక్కి వాలినప్పుడు

పటాన్‌చెరు, ఆదివారం రాత్రి, 2003

కాశీ నుంచి ఇల్లు చేరాం. ఫ్యాక్టరీలో ఎక్కువ సెలవు దొరకలేదు కాబట్టి నేనూ, తమ్ముడు నర్సింలూ విమానంలోనే వెళ్లొచ్చాం.

పోయేటప్పుడు బాపు అస్థికల కుండ నా ఒడిలోనే ఉంది. గంగలో కలిపేదాకా కింద పెట్టకూడదు కదా. ముందు సీటాయన వెనక్కి చూడకుండానే సీటు వాల్చేశాడు. అది వచ్చి కుండకు తగిలింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"సారూ, జెర సీటు లేపుండ్రి. ఈడ మా బాపు ఉన్నడు."

ఆయన తిరిగి, ఎర్రగుడ్డ చుట్టిన కుండను చూశాడు. వెంటనే సీటు నిటారుగా లేపుకున్నాడు. దిగేదాకా మళ్లీ వాల్చలేదు, పాపం. గట్టిగా అన్నందుకు దిగేటప్పుడైనా ఒక మాట చెప్పి ఉండాల్సింది...

ఈ రోజు తిరుగు ప్రయాణంలో ముందున్న అమ్మాయి సీటు వాల్చింది. నా రెండు చేతులూ గబుక్కున ఒడికి అడ్డం పోయాయి.

"ఏందన్నా గట్ల పట్టుకున్నవ్? బాపును గంగల కలిపొచ్చినం గదనే," అన్నాడు నర్సింలు మెల్లగా.

నాకు తెలియదా! అయినా విమానం దిగేదాకా చేతులు తీయలేదు.