అడిగితే బాగుండానని చెప్పే మనిషి

బెంగళూరు

వదినకు నీ మరదలు సుగుణమ్మ వందనాలు. ఇక్కడ మేం క్షేమం. ఊరికే రాసే మాట కాదిది, నిజంగానే క్షేమం. ఫోన్లో నీకు సగం వినపడదు కాబట్టి రాస్తున్నా. అక్కడ నువ్వూ, పిల్లలూ ఎలా ఉన్నారు? వాన పడిందా?

నిన్న మీ తమ్ముడి స్కానింగ్ రిపోర్టు వచ్చింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో గడ్డ పెరగలేదు, కొంచెం తగ్గింది కూడా. ఆస్పత్రిలోనే కూర్చుని ఏడ్చేశాను.

ఇక్కడ ఆయనకిస్తున్న మాత్ర సంగతి నాకు అర్థమైనంత చెబుతా. ఒంట్లో కణాలకు పెరగమని, ఇక చాలని లోపల కబుర్లు అందుతుంటాయట. గనిలో పీల్చిన రాతినార, అదే ఆస్బెస్టాస్ దుమ్ము, ఇన్నేళ్లూ లోపలే ఉండి, చాలనే కబురును చెడగొట్టిందట. తొట్టి నిండినా మోటారు ఆగనట్టు. ఈ మాత్ర పెరగమనే కబురును అడ్డుకుంటుంది. ఇంకా పరీక్షలో ఉన్న మందేనని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు.

మధ్యలో మీ తమ్ముడు నా ప్రాణం తీశాడు. "ఎలా ఉన్నారు పెద్దాయనా?" అని డాక్టరమ్మ అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "శానా బాగుండాను తల్లీ." కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టకపోయినా అదే మాట. చివరికి నేనే పంచె పైకెత్తి చూపించాను.

"ఎందుకు చెప్పలేదు?" అందావిడ.

"అడిగినోళ్లకు బాగలేదని యాడ చెప్తారమ్మా? చెప్తే మాత్ర ఆపేస్తారు గదా!"

నిజంగానే ఆపేశారు. వాపు ఆ మాత్ర వల్లేనట, ఇంకా దాచుంటే కిడ్నీలు పోయేవట. ఆపినన్నాళ్లూ గడ్డ పెరుగుతుందేమోనని నాకు ముద్ద దిగలేదు. వాపు తగ్గాక మోతాదు తగ్గించి మళ్లీ ఇచ్చారు. నిన్నటి స్కానింగ్ ఆ తర్వాత తీసిందే. పూర్తిగా నయమవుతుందని ఎవరూ అనలేదు. ఉన్నన్నాళ్లు ఊపిరి సాఫీగా ఆడితే నాకంతే చాలు.

నేను ఆస్పత్రి పక్కనే ఆడపిల్లల హాస్టల్లో వంటకు పోతున్నా. ఒకటే ముసురు, చలి. మాట్లాడే మనిషి లేక నీ మీద బెంగగా ఉంటుంది. ఇక్కడి రాగి ముద్దలో మనలాగా బియ్యం వేయరు. "ఇదీ ఒక సంగటేనా?" అని మీ తమ్ముడు రోజూ మొహం ముడుస్తాడు. నిన్న మాత్రం రెండు ముద్దలు తిన్నాడు. ఎవరైనా ఇటు వస్తే కాసిని శనక్కాయలు పంపు.

వదినా, నువ్వూ ఆయన పక్కనే కూర్చుని ఆ గనిలో రాతినార ఏరినదానివే. పోయిన ఉత్తరంలో అంతా క్షేమమని రాశావు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నావని నీ కోడలు చెప్పింది. కడపకు పోయి ఎక్స్‌రే తీయించుకో. గనిలో పనిచేశానని తప్పకుండా చెప్పు.

చర్చి అయ్యగారికి మా వందనాలు చెప్పి, మా కోసం ప్రార్థన చేయమను. పెద్దదానివి, నీ దీవెన మాకు ఉండాలి. జవాబులో మాత్రం క్షేమమని రాయొద్దు. ఎట్లున్నావో అట్లే రాయి.

నీ మరదలు
సుగుణమ్మ