చిట్టి ఎందుకు వణుకుతోంది

రాజమండ్రి,
సోమవారం

అన్నయ్యకి నమస్కారాలు.

ఇక్కడ నేను, బావగారు బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన షుగరు పరీక్ష చేయించుకుందా? ఫోనులో చెబితే సగం విని వదినకి ఇచ్చేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ఆదివారం వ్యాను తీసుకొచ్చి చిట్టిని పాలకొల్లు తీసుకుపొమ్మని బావగారు నీకు చెప్పారట. నువ్విచ్చిన కుక్కపిల్లే కాబట్టి నువ్వూ సరే అనే ఉంటావు. కానీ అన్నయ్యా, కొట్టు కోసం ఈ ఊరొచ్చి మూడు నెలలైంది. పొద్దున తొమ్మిదింటికి ఆయన వెళ్ళిపోయాక ఈ ఫ్లాటులో నేను మాట్లాడే ప్రాణి అదొక్కటే.

పోయిన నెలలో ఉన్నట్టుండి చిట్టి మారిపోయింది. వంటింటి వైపు రావడం మానేసింది. పదకొండు కాగానే మంచం కింద దూరి వణకడం, వీధి తలుపు గోకుతూ ఏడవడం. మాకు ఈ ఫ్లాటు అద్దెకిచ్చి కింద వాటాలో ఉండే ఇంటాయన పైకొచ్చారు. "కుక్క ఉందని చెప్పారు గానీ ఇలా ఏడుస్తుందని చెప్పలేదు కదండీ. ఈ నెల ఆఖరి ఆదివారం దాకా చూస్తానండి. ఆ పైన మీ ఇష్టం" అన్నారు.

ఎదురింటి సత్యవతి గారు వచ్చి చూసి, "దిష్టండీ అది. కొత్తిల్లు, నలుగురి కళ్ళూ పడ్డాయి. ఉప్పు తీసెయ్యండి" అన్నారు. ఆయ్, అలాగేనండీ అన్నాను. చిట్టిని బావగారు గట్టిగా పట్టుకున్నారు. నేను కల్లుప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు మూడుసార్లు తిప్పి పొయ్యి మీది మూకుట్లో వేశాను. పటపటమని పేలాయి. ఘాటుకి ఎవరికీ దగ్గు రాలేదు. "చూశారా, ఎంత దిష్టో!" అన్నారావిడ. చిట్టి మాత్రం బావగారి లుంగీ చింపుకుని పారిపోయింది. ఆ పూట పెరుగన్నం ముట్టలేదు. దిష్టి ఇంకా పోలేదనుకుని మరో రెండు రోజులు తీశాం. ఇంకా ముదిరింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. సరుకుల పుస్తకంలో ఓ పేజీకి గీతలు కొట్టి, ఏ వేళకి ఇంట్లో ఏం జరిగింది, అప్పుడు చిట్టి ఏం చేసింది అన్నీ రాయడం మొదలెట్టాను. వంతెన మీద రైలు మోతేమో అనుకున్నాను. గూడ్సు పోతుంటే గురకపెట్టి నిద్రపోయింది. లిఫ్టు కాదు, నీళ్ళ మోటారూ కాదు. వారం రోజులు రాశాక చూస్తే, వణికిన ప్రతిసారీ నేను పొయ్యి దగ్గర పోపు పెడుతూనే ఉన్నాను. అనుమానం తీర్చుకుందామని ఒక రోజు పోపు లేకుండా వండాను. చిట్టి పదకొండుకి హాల్లోనే పడుకుంది.

ఆయన మధ్యాహ్నం వచ్చి, "ఏంటే ఈ చారు, జ్వరం వచ్చినవాడికి పెట్టినట్టు?" అన్నారు.

"మీకు కాదండీ, చిట్టికి పరీక్ష" అన్నాను.

"మరి చిట్టికే పొయ్యకపోయావా!"

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల చెక్కలు వేయిస్తుంటే ఒకటి టపాకాయలా పేలింది. ఈ ఫ్లాటులో వంటింటికి తలుపు లేదు కదా, చిట్టి గుమ్మంలోనే పడుకుని ఉంది. నేను నా చేతి మీద పడ్డ నూనె చూసుకున్నానే గానీ దాన్ని చూడలేదు. పాలకొల్లులో అది పెరట్లో ఉండేది, పొయ్యికి ఇంత దగ్గరగా ఎప్పుడుంది? ఆవాలు చిటపటలాడినా దానికి ఆ పేలుడే. అలాంటిదాన్ని కదలనివ్వకుండా పట్టుకుని, మూడు రోజులు మళ్ళీ దాని ముందే పేల్చాం! తలుచుకుంటే సిగ్గేసింది.

పశువుల డాక్టరు గారు చెవులూ పళ్ళూ చూసి రోగమేమీ లేదన్నారు. "దాన్ని పట్టుకోకండమ్మా, పారిపోతే పారిపోనివ్వండి. చప్పుడు చిన్నగా మొదలెట్టండి" అన్నారు. మొదటి రోజు గిన్నె మీద మూత పెట్టి పది ఆవాలే వేశాను. చిట్టి అవతలి గదిలో ఉంది. చిటపట వినబడగానే వెళ్ళి పచ్చికొబ్బరి ముక్క పెట్టాను. మర్నాడు ఇరవై. నాలుగో రోజు తొందరపడి మూత తీశాను, మళ్ళీ మంచం కింద దూరింది. మళ్ళీ పది ఆవాలకి దిగాను. కుక్క చెవికి మూత ఉన్న చిటపటకీ మూత లేని చిటపటకీ అంత తేడా తెలుస్తుందంటే నాకు భలే విడ్డూరంగా ఉంది.

ఇంకా పూర్తిగా పోలేదు, నిజం చెప్పాలి. ఈ రోజు మామూలుగా పోపు పెట్టాను. చిట్టి చెవులు నిక్కించి, లేచి అవతలి గదిలోకి నడిచి వెళ్ళింది. పరుగెత్తలేదు, ఏడవలేదు. కాసేపటికి అదే తిరిగొచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

సాయంత్రం మెట్ల మీద ఇంటాయన ఎదురై, "అయితే కుక్కని పంపేశారన్నమాట!" అన్నారు.

"లేదండీ, పైనే ఉంది" అన్నాను.

ఆయన ఓసారి పైకి చూసి, "అవునా అండీ!" అని వెళ్ళిపోయారు.

ఆ మాట చెబితే చిట్టిని ఇక్కడే ఉంచుకోడానికి బావగారు ఒప్పుకున్నారు. కానీ వద్దని తనంతట తాను నీకు ఫోను చెయ్యరు. అందుకే నేను చెబుతున్నాను. ఈలోగా ఇటువైపు వచ్చేవాళ్ళుంటే వాళ్ళతో నాలుగు కొబ్బరికాయలు పంపు. పెద్దత్తకి నా దండాలు, పిల్లలకి ముద్దులు. నువ్వూ వదినా మా ముగ్గురినీ చల్లగా దీవించండి.

ఆదివారం తప్పకుండా రా, భోజనానికి. వ్యాను మాత్రం తీసుకురావద్దు.

నీ చెల్లెలు,
పద్మ