తస్సాదిత్ వాటా

అయిత్ ఊఫెల్లా,
అక్టోబరు

లూనీస్ అన్నకి,

తమ్ముడు బెలాయిద్ సలాములు. ఇక్కడ అందరూ క్షేమం అని రాయడం ఆనవాయితీ. అందరి సంగతీ నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. నేనూ నీ మరదలు తస్సాదిత్ బాగానే ఉన్నాం, ఆవిడ దగ్గు తప్ప.

మనూరివాడెవడో ఈ కబురు సముద్రం అవతల నీ కూలీల హాస్టల్ దాకా ఈపాటికే మోసి ఉంటాడు. అయినా నా చేత్తో రాస్తేనే బాగుంటుందని రాస్తున్నాను. ఊరు నన్ను వెలివేసింది. నిజం చెప్పాలంటే నేనే ఊరిని వెలివేశాను. ముసలి అరెజ్కీ పోయాడు. చావు కబురు అందగానే ప్రతి ఇంటి మగవాడూ పార పట్టుకుని సమాధుల దిబ్బకి రావాలన్న కట్టుబాటు నీకు తెలుసు. ఆ రోజు నా ఇంటికి పెంకులు నేయిస్తున్నాను. మబ్బు పట్టి ఉంది. పైగా ఆ ముసలాడు బతికున్నన్నాళ్ళూ అంజూరపు తోట గట్టు జరిపి మా నాన్నని ఏడిపించినవాడు. అందుకని నా బదులు పట్నం నుంచి వచ్చిన కూలివాణ్ణి పంపాను, పారతో సహా. వాడు నాకంటే బలంగా తవ్వుతాడు. ఇందులో తప్పేముందో నువ్వే చెప్పు.

వాణ్ణి వెనక్కి పంపేశారు. మా చచ్చినవాడికి అద్దె భుజాలు అక్కర్లేదన్నారట. సాయంత్రం సభకి పిలిచారు. రాబా పెదనాన్న, ఇప్పుడాయనే ఊరి పెద్ద, మెత్తగానే మాట్లాడాడు. అరెజ్కీ కొడుకు కాసీ ముందు నిలబడి తప్పయిందని ఒక్కమాట అంటే చాలన్నాడు. ఇరవై ఏళ్ళు పరాయి దేశంలో ఇనుము కరిగించే కొలిమి ముందు నేను మాడినప్పుడు మీలో ఎవడొచ్చి గుక్కెడు నీళ్ళు పోశాడని అడిగాను. జవాబు కోసం ఆగకుండా లేచి వచ్చేశాను. వెలి అన్నది ఆ రాత్రే.

ఆ తర్వాతి వారమే ఊరు ఎద్దుల్ని కోసి వాటాలు పంచుకునే రోజు వచ్చింది. ఆకుల మీద వరసగా కుప్పలు పెట్టారు, తలకొక వాటా. నా పేరు పిలిచారు. వెలివేసినవాడిని ఎందుకు పిలవాలి? మంచితనం చూపించుకోవడానికే. నా మాంసం నేను కొనుక్కోగలనని చెప్పి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి తస్సాదిత్ పొయ్యి వెలిగించలేదు.

అన్నా, నా ఇంటి ప్రతి రాయిలోనూ నా చెమట ఉంది. నేనెవరికీ ఏమీ కాను, నాకెవరూ ఏమీ కారు. ఇలా ఉండటం ఎంత తేలికో చెప్పలేను.

నీ
బెలాయిద్

*

హాస్టల్, మూడో అంతస్తు,
నవంబరు

ఒరేయ్ బెలాయిద్,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను. పక్క మంచం వాడు నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు.

సొంత కాళ్ళ మీద నిలబడ్డవాడా, నువ్వు ఈ ఊళ్ళో దిగిన మొదటి చలికాలం నీ కాళ్ళు ఎవడి మంచం మీద చాపావో గుర్తుందా? నాది రాత్రి పని, నీది పగటి పని. నేను లేచిన దుప్పట్లో నువ్వు దూరేవాడివి, నీ వెచ్చదనం చల్లారకముందే నేను దూరేవాణ్ణి. నీకు జ్వరం వచ్చిన వారం నేను ఈ గది నేల మీద పడుకున్నాను. అది నేను లెక్క పెట్టుకోలేదు. కొలిమి దగ్గర నీకు నీళ్ళు ఎవడిచ్చాడని అడిగావటగా. పోలండు నుంచి వచ్చిన ఆ మూగ మనిషి రోజూ తన సీసా నీ వైపు జరిపేవాడు. వాడి పేరైనా మనం అడగలేదు.

ఇంకోటి. నువ్వు ఊరిని ఎడాపెడా తిడుతూ రాసిన ఈ అక్షరాలు నీకు నేర్పింది నేనేరా గాడిదా. 'క' ఇప్పటికీ వంకరగానే రాస్తున్నావు.

నీ ఇంటి సంగతికొద్దాం. దాని నడి దూలం లోయలోంచి పైకి ఎలా వచ్చింది? నేనప్పుడు సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాను. బండి ఎక్కని దారి అది. ఊరి మగవాళ్ళంతా భుజం పెట్టారు. ముందు వరసలో పాట అందుకున్నది ఆ ముసలి అరెజ్కీయే, నువ్వు గట్టు దొంగ అంటున్నవాడు. కూలి అడిగాడా?

సభకి వెళ్ళి ఆ ఒక్కమాట అనెయ్. నీ నోరేం అరిగిపోదు. నీ కోసం కాకపోతే తస్సాదిత్ కోసం. ఆ పిల్ల ఇరవై ఏళ్ళు నువ్వు లేకుండా ఆ ఊళ్ళో బతికింది. ఎలా బతికిందో ఎప్పుడైనా అడిగావా?

నీ మంచి కోరి తిట్టే
లూనీస్

*

అయిత్ ఊఫెల్లా,
జనవరి

లూనీస్ అన్నకి,

నీ ఉత్తరం అందింది. ఒక మంచం ఇచ్చినందుకు జీవితాంతం తల వంచుకోవాలని అప్పుడే చెప్పి ఉంటే నేలమీదే పడుకునేవాణ్ణి. కోపం తెచ్చుకోకు, నాకూ కోపంగా ఉంది.

ఇక్కడ ఎవరూ నన్ను పలకరించరు. ఎదురుపడితే గోడ వైపు తిరిగి నడుస్తారు. గానుగ దగ్గర నా ఆలివ్‌లు తీసుకోలేదు. సంచులు కంచరగాడిద మీద వేసుకుని పక్క లోయ దాకా పోయి నూనె ఆడించుకొచ్చాను. పెరట్లో బావి తవ్వించాను, తస్సాదిత్ ఊట దగ్గరికి పోయి ఆ ఆడవాళ్ళ మొహాలు చూడక్కర్లేకుండా. మంచి నీళ్ళు పడ్డాయి. మొదటి కడవ ఆవిడ ముందు పెడితే సంతోషిస్తుందనుకున్నాను. దాన్ని పక్కకి జరిపి, "నేను ఊట దగ్గరికి నీళ్ళ కోసమే పోయేదాన్ననుకున్నావా?" అంది.

దగ్గు ఎక్కువైంది. రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతోంది. పక్కింటి మల్హా అత్త చీకటి పడ్డాక పెరటి గోడ మీద నుంచి ఏవో కషాయాలు అందిస్తోందని నాకు తెలుసు. తెలియనట్టు ఉంటున్నాను. మొన్న నేను దీని మీద ఏదో అనబోతే, తస్సాదిత్ నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది.

"నేను పోతే నన్ను మోసేదెవరు?" అని అడిగింది.

అలాంటి మాటలు అనొద్దన్నాను. నేనున్నాను కదా అన్నాను. నీ గుంటే కాదు, నా గుంట కూడా నేనే తవ్వి పెట్టుకుంటాను, ఎవడి దగ్గరా చెయ్యి చాచను అన్నాను.

ఆవిడ నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకున్నాక, "తవ్వుకుంటావులే. పూడ్చేదెవరు?" అంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఒక్కడివీ బతకగలవేమో. నేను బతకలేను. నాకు భయంగా ఉంది. నా కోసం వెళ్ళి ఆ మాట చెప్పు" అంది.

చూద్దాం అన్నాను. చలి తగ్గితే దగ్గూ తగ్గుతుంది. ఇవాళ పొద్దున్నుంచి మంచు పడుతోంది.

బెలాయిద్

*

అయిత్ ఊఫెల్లా,
ఏప్రిల్

అన్నా,

తస్సాదిత్ పోయింది. ఈ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. నువ్వు ఎవరి ద్వారానో వినే ఉంటావు. అయినా జరిగింది జరిగినట్టు నేనే చెప్పాలి.

నీకు ఆ ఉత్తరం రాసిన తర్వాత మంచు ఆగలేదు. ఊరి మగవాళ్ళు ఎప్పటిలాగే వంతులవారీగా పెద్ద రోడ్డు దాకా దారి తవ్వారు. మా సందు మొదట్లోకి వచ్చి పారలు ఆపారు. ఆవిడకి ఊపిరి అందడం లేదు. ఆస్పత్రి కొండ కింద ఉంది. రాబా పెదనాన్న ఉన్ని బుర్నూసు అంగీ ముసుగు తలమీదికి లాక్కుని నా గుమ్మం అవతల నిలబడ్డాడు. లోపలికి రాలేదు, రాకూడదు. "ఒక్కమాట అనరా. కుర్రాళ్ళు డోలీ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. గంటలో రోడ్డు మీద ఉంటుంది" అన్నాడు. కుర్రాళ్ళు నిజంగానే ఆయన వెనక నిలబడి ఉన్నారు. వాళ్ళలో కాసీ కూడా ఉన్నాడు.

నా పెళ్ళాన్ని నేను మోసుకోగలనని తలుపు వేసేశాను.

కంచరగాడిద మీద కూర్చోబెట్టి బయల్దేరాను. మా సందు దాటకముందే దాని కాళ్ళు పొట్టదాకా దిగబడిపోయాయి. లాగాను, కొట్టాను, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. అది కదల్లేదు. వెనక్కి తీసుకొచ్చేసరికి ఆవిడ పెదాలు నల్లబడ్డాయి. తెల్లారేసరికి పోయింది. ఆవిడని చంపింది మంచు కాదు. నీకు తెలుసు, ఊరికీ తెలుసు.

మల్హా అత్త నా మొహం కూడా చూడకుండా మరో ఇద్దరు ఆడవాళ్ళతో లోపలికి వచ్చేసింది. వెలి సంగతి ఎవరో గుర్తు చేస్తే, "ఆ కట్టుబాట్లు సభలో మగాళ్ళకి. స్నానం చేయించేది మేం" అంది. వాళ్ళు ఆ పని చేస్తున్నంతసేపూ నేను దిబ్బ మీద తవ్వుతున్నాను. నేల గడ్డకట్టింది. మధ్యాహ్నం దాటేదాకా తవ్వాను. తవ్వడం నాకు చేతనవుతుంది అన్నా. అది ఒక్కడు చెయ్యగలిగిన పనే.

గుడ్డ చుట్టిన తస్సాదిత్‌ని రెండు చేతుల మీద దిబ్బకి తీసుకెళ్ళాను. అంత తేలికైపోయింది. మోసుకోగలనన్నాను కదా, మోశాను. దిబ్బ చుట్టూ ఉన్న గోడ అవతల ఊరి మగవాళ్ళంతా నిలబడి ఉన్నారు. ఎవరూ గోడ దాటలేదు.

ఆవిడని గట్టు మీద పడుకోబెట్టి గుంటలోకి దిగాను. కింది నుంచి చేతులు చాచాను. అందలేదు. పైకెక్కాను. పై నుంచి దించుదామంటే కింద పట్టుకునేవాళ్ళు లేరు, పడెయ్యాలి. ఆవిడని పడెయ్యలేను. మళ్ళీ దిగాను. గుంటలో ఉంటే పైన ఎవరూ లేరు, పైకొస్తే గుంటలో ఎవరూ లేరు. ఎన్నిసార్లు ఎక్కి దిగానో తెలియదు. చేతులకి మట్టి, ఆ మట్టి ఆవిడ తెల్లగుడ్డకి అంటుకుంటోంది. అప్పుడే మళ్ళీ మంచు మొదలైంది, ఆవిడ మొహం ఉన్నచోట పడుతోంది.

గుంటలో నిలబడే అన్నాను. గట్టిగా కూడా అనలేదు.

"ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండి."

ముందు గోడ దూకింది కాసీ. నా పక్కన గుంటలోకి దిగాడు. పైన రాబా పెదనాన్న తల వైపు పట్టుకున్నాడు. "కాళ్ళు నేను అందుకుంటా, నడుం నువ్వు పట్టుకో" అన్నాడు కాసీ. దించాం. కుడిపక్కకి తిప్పి పడుకోబెట్టాం. బండలు పరిచేటప్పుడు మెల్లగా అన్నాడు, "నీ కోసం రాలేదు. మా నాన్న పోయిన రోజు తస్సాదిత్ వదిన మా ఇంట్లో పిండి కలిపింది, నీకు తెలియకుండా." పార అందుకున్నాడు. మట్టి అందరూ వేశారు. నా పార వంతు వచ్చేసరికి గుంట నిండిపోయింది.

తర్వాత సభలో ఆ మాట అన్నాను. అది మూడు క్షణాల పని. ఆ మూడు క్షణాలు నాకు ముందే ఉండి ఉంటే అని రోజూ అనుకుంటున్నాను, దాని గురించి ఇంక రాయను.

రాయాలనుకున్నది వేరే. నిన్న చలికాలం గట్టెక్కినందుకు ఎద్దుల్ని కోశారు. పేరు పిలిస్తే వెళ్ళాను. ఆకుల మీద నా ఇంటికి రెండు వాటాలు ఉన్నాయి. పొరపాటు పడ్డారేమోనని, నేను ఒక్కడినే అని చెప్పాను. రాబా పెదనాన్న అడ్డంగా తల ఊపాడు. ఎద్దుల్ని ఎంచుకున్న రోజునే ఊళ్ళో తలలు లెక్క పెడతారట, ఈసారి జనవరిలోనే ఎంచారట, ఆ రోజుకి ఆవిడ బతికే ఉంది గనక అది ఆవిడ వాటాయేనట. జనవరి అంటే నేను తలుపు వేసుకుని కూర్చున్న రోజులు, అన్నా. నేను వాళ్ళని ఎవరూ కారనుకున్నప్పుడు వాళ్ళు మా ఇద్దరినీ లెక్కలో వేసుకున్నారు.

రెండు వాటాలూ ఇంటికి తెచ్చాను. ఒకే కుండలో వేశాను. పొయ్యి వెలిగించి, ఉప్పు చేతిలోకి తీసుకుని నిలబడిపోయాను. ఈ ఇంట్లో కుండకి ఎంత ఉప్పు వేస్తారో నాకు తెలియదు. ఆ గుప్పిట అలాగే మూసుకుని వెళ్ళి మల్హా అత్త తలుపు తట్టాను.

నీ తమ్ముడు
బెలాయిద్