నూకాలమ్మ బొమ్మ కింద కోసేసిన పేరు

జంషెడ్‌పూర్, బాగ్‌బేరాలో కాపురముంటున్న, కీర్తిశేషుడు అసిరయ్య కొడుకు బోనెల పోలరాజు అనే నేను, అరవై నాలుగో ఏట, స్వయంగా రాస్తున్న వీలునామా ఇది. గొంతులో పుండు వల్ల మాట పోయింది. తెలివి పోలేదు. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. ఇంతకుముందు రాసిన వీలునామా దీనితో రద్దయింది. నేను పోయాక దీన్ని అమలు జరపడానికి ప్లీడరు సోమేశ్వరరావు గారు ఒప్పుకున్నారు.

1. ఇల్లు నా భార్య చిలకమ్మకు సర్వహక్కులతో చెందుతుంది. వెనక వరండాలో ఆమె కూర్చునే చోట వాన కారుతుంది. ఎనిమిదేళ్ళుగా చెబుతోంది, నేను బాగుచేయించలేదు. రేకు మాత్రం కొని మంచం కింద పెట్టాను. నా దినకార్యం కంటే ముందు అది వేయించాలి.

2. జుగ్సలాయిలోని పటాలు కట్టే దుకాణం, అందులోని చెక్క, గాజు, పనిముట్లు నా కొడుకు భీమారావుకు, కింది షరతులకు లోబడి. వాడు పనిమంతుడు. నోరు దురుసు. అది నా దగ్గర నేర్చుకున్నదే.

3. నూకాలమ్మ బొమ్మ నెగెటివు, అచ్చు ప్లేట్లు, మిగిలిన కాపీలు భీమారావుకు చెందవు. అవి ఈ ఊళ్ళోనే మాంగో పేటలో బట్టలు కుట్టుకుని బతుకుతున్న పద్మకుమారివి. వాటిని నేను ఆమెకు దానం ఇవ్వడం లేదు. నావి కానివి అప్పగిస్తున్నాను. కారణం నా వారసులకు తెలియాలి.

పటం కట్టేటప్పుడు బొమ్మ అడుగు అంచు కోసేయడం మా పనిలో అలవాటు. దేవత పాదాల కింద మనిషి పేరు ఉంటే మావాళ్ళు పూజలో పెట్టుకోరు. అందుకని గీసినవాడి పేరు, ప్రెస్సు పేరు ఉన్న పట్టీ ముందుగా కత్తికి పోయేది. పేరు లేని బొమ్మలే చూసి చూసి, పాత బొమ్మకు సొంతదారు ఉండడనుకున్నాను. 1974 ప్రాంతంలో సోనారి నుంచి ఆఫీసర్ల కుటుంబాలు పాతకాలపు అచ్చుబొమ్మల కోసం రావడం మొదలైంది. ఒక ఇంట్లో దొరికిన నూకాలమ్మను ఫొటో తీయించి, మళ్ళీ అచ్చు వేయించి, టీ నీళ్ళు పూసి, పాతదని చెప్పి అమ్మాను.

1981 దసరా ముందు పద్మకుమారి దుకాణానికి వచ్చింది. ఆ బొమ్మ గీసిన కూర్మారావు కూతురు. చేతిలో అంచు కోయని అసలు అచ్చు ఉంది.

"అమ్మోరు మీ అయ్య సొత్తేటి? దుకాన్ బంద్ చేసీమంతావా?" అని భీమారావు నవ్వాడు.

"అమ్మోరు అందరి సొత్తే బాబూ. బొమ్మ మాయయ్యది. ఆయన పేరు ఎయ్యండి, సాలు," అంది.

చూసి ఇస్తానని ఆ అచ్చు ఉంచుకున్నాను. ఎవరిదో సంగతి అన్నట్టు సోమేశ్వరరావు గారిని అడిగాను. బొమ్మ కొన్నవాడికి కాగితమే సొంతమని, హక్కు రాసి ఇస్తే తప్ప అచ్చు వేయకూడదని, గీసినవాడు పోయాక యాభై ఏళ్ళపాటు ఆ హక్కు అతని వారసులదని చెప్పారు. కూర్మారావు 1947లో పోయాడు. ఆమెకున్న రుజువు ఆ పట్టీ ఒక్కటే. నేను దాన్ని కోసి పొయ్యిలో వేశాను. మిగిలిన బొమ్మకు టేకు ఫ్రేము కట్టి తిరిగి ఇచ్చాను.

"కోసీసినారా," అంది.

అలవాటున పోయిందమ్మా అన్నాను. పటం చంకన పెట్టుకుని మాంగో బస్సెక్కింది. ఆ దసరాకూ, తరవాత నాలుగు దసరాలకూ అదే బొమ్మ అమ్మాను.

ఈ సంగతి చిలకమ్మకు మొన్నటిదాకా తెలియదు. "అమ్మోరి కాళ్ళకాడ పేరు కోసీసినోడివి, నీ పేరు ఎవలుంచుతారు," అంది. అప్పటి నుంచి అన్నం పెడుతోంది, మాట్లాడడం లేదు.

4. ఆ పట్టీ మీద ఉన్న అక్షరాలు ఇవి: "చిత్రము: సి. కూర్మారావు, టెక్కలి, 1936." ఇది సత్యమని ప్రమాణం చేసి రాస్తున్నాను. పద్మకుమారి ఈ కాగితం నకలు తీసుకుని ఏ కోర్టులోనైనా చూపించుకోవచ్చు. 1997 ఆఖరు దాకా ఆమె రాతమూలకంగా ఒప్పుకుంటే తప్ప భీమారావు ఆ బొమ్మ ఒక్కటి కూడా వేయకూడదు, అమ్మకూడదు. అమ్మితే దుకాణం చిలకమ్మకు పోతుంది. మిగతా పాత బొమ్మల కాపీలన్నిటికీ వెనక వైపు నకలు అని ముద్ర కొట్టాలి. గీసినవాడెవరో తెలియని బొమ్మను విచారించకుండా అచ్చుకి ఇవ్వకూడదు.

5. ఇరవై ఆరేళ్ళు నా దగ్గర పనిచేసిన తవిటయ్యకు నా కత్తులు, మూలమట్టం రాద్దామనుకున్నాను. వీలునామాలో ఏదైనా పొందేవాడు సాక్షి సంతకం చేస్తే ఆ సాక్ష్యాన్ని కోర్టు అనుమానిస్తుందట. రెండిట్లో ఏది కావాలో పలక మీద రాసి అడిగాను. "కత్తులు నాకేటికి బాబూ, సంతకమే ఎట్టేత్తాను," అన్నాడు. అందుచేత అతనికి ఏమీ రాయలేదు.

1986 ఫిబ్రవరి 11, మంగళవారం, బాగ్‌బేరా.

(సంతకం) బోనెల పోలరాజు

పోలరాజు మా ఎదుట సంతకం చేయగా చూసి, అతని ఎదుటే మేము సంతకాలు చేశాము.

సాక్షులు:

1. త్యాగరాజు, రైల్వే గుమాస్తా, బాగ్‌బేరా.

2. తవిటయ్య, పటాల పనివాడు, జుగ్సలాయి. అంచు కోసిననాడు స్కేలు కదలకుండా ఒత్తి పట్టుకున్నది నేనే. పేరు నేనూ చదివినాను.