ఎటు నుంచి పిలిచావు

కోపంలో ఉన్న మా ఇంటి మహారాణికి,

నేనిక్కడ క్షేమం. నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. అందులో పెట్టిన చివాట్లు కూడా భద్రంగా అందాయి. ఇక్కడ సరస్సు మీద మంచు వారం రోజులుగా విడవలేదు. కిటికీ తీస్తే నీళ్ళూ ఆకాశమూ ఒకటే తెలుపు. తెడ్ల చప్పుడు వినిపిస్తుంది గానీ పడవ కనిపించదు. అలా చూస్తూ కూర్చుంటే మెలకువగా ఉన్నానో కలగంటున్నానో నాకే తెలియదు.

కనపడని పడవను నాన్న ఎలా వెతుకుతాడని పాప అడిగిందన్నావు. ఆపదలో ఉన్న పడవలను కాపాడే మా స్టేషన్ ముందు ఒడ్డున, రేడియో అలలను పట్టే రెండు ఏరియల్ స్తంభాలు దూరదూరంగా ఉన్నాయని చెప్పు. పడవలోంచి రేడియోలో పిలిస్తే ఆ అల ఒకదాన్ని రవ్వంత ముందు, రెండోదాన్ని రవ్వంత ఆలస్యంగా తాకుతుంది. ఆ కాస్త తేడాను కొలిచి, పిలుపు ఎటు నుంచి వచ్చిందో మా యంత్రం చెబుతుంది. తొట్టి నిండా నీళ్ళు పోసి, రెండు పుల్లలు నిలబెట్టి, ఒక మూల వేలితో తట్టి చూపించు. దానికి నీకన్నా ముందే అర్థమవుతుంది.

ఇక నీ ప్రశ్న. "బస్టాండులో గొంతు చించుకుని పిలిస్తే, వెనక్కి కూడా చూడకుండా బస్సెక్కేశావేం?" అని రాశావు. దీనికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపాను. ముందు మొన్నటి సంగతి విను.

రోజూ పొద్దున మా మెకానిక్ ఎడమ స్తంభాన్ని తడితే నాకు హెడ్‌ఫోన్‌లో ఎడమవైపు టిక్కుమనాలి, కుడిది తడితే కుడివైపు. మొన్న నేను హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకుని, ఆ సంగతి మరిచిపోయి, కేబుళ్ళు తారుమారయ్యాయని సరిగ్గా ఉన్నవాటిని మార్చేశాను. మధ్యాహ్నం ఒక జాలరి పడవలోకి నీళ్ళొస్తున్నాయని పిలిచాడు. యంత్రం ఎడమ అంది. మా బోటును ఎడమకు పంపాను.

కాసేపటికి రేడియోలో అతని గొంతు వణికింది. "అయ్యా, మీ బోటు చప్పుడు దూరమైపోతోందండీ!"

పొద్దున హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బోటును కుడికి తిప్పించాను. పడవలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి దొరికాడు.

హెడ్‌ఫోన్ ఎందుకు తిరగేశావని మా స్టేషన్ పెద్దాయన నిలదీశారు. చెప్పేశాను. నీకూ చెబుతున్నాను. ఆర్నెల్లుగా నా ఎడమ చెవి వినపడడం లేదు. హెడ్‌ఫోన్ అటూ ఇటూ తిరగేస్తూ రెండువైపుల టిక్కులూ కుడి చెవితోనే వింటూ నెట్టుకొచ్చాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, నీ దగ్గర సిగ్గుపడ్డాను. పెద్దాయన పరీక్ష పని వేరేవాళ్ళకిచ్చి, నన్ను డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు.

ఆ రోజు బస్టాండులో నీ పిలుపు విన్నాను. ఒంటి చెవితో వింటే అది ఎటు నుంచి వచ్చిందో తెలియదు. తిరిగిన వైపల్లా కొత్త ముఖాలే. నువ్వు గమనిస్తావేమోనని భయపడి బస్సెక్కేశాను. దారంతా ఏడ్చాను.

ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. నన్ను చూడగానే పిలువు. అటూ ఇటూ తడబడితే నవ్వకు. నీ గొంతు పెరిగే వైపు నడుస్తూ వస్తాను. నీ దగ్గరికి చేరేదాకా పిలవడం మాత్రం ఆపకు.

ఇట్లు,
ఇకపై నీ ఎడమ పక్కనే నడిచే
నీ శ్రీవారు