లక్ష్మి పేరున్న లింకులు

కార్తీక సోమవారం, రాత్రి

ఇందాక దీపం పెడుతుంటే కూడా నవ్వు ఆగలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేను గనుక కలం పట్టాను.

మా వత్తుల వెబ్‌సైట్ ఈరోజు మళ్ళీ సెర్చ్‌లో మొదటి పేజీకి వచ్చింది. ఆమధ్య ఎవరో జూదం సైట్ల నుంచి మాకు వందల లింకులు తగిలిస్తే, మాదీ అలాంటిదేనని సెర్చ్ వాళ్ళు దాన్ని అడుక్కి తోసేశారు. కార్తీకంలో ఆర్డర్లు లేకపోతే నాతో వత్తులు చేసే మిగతా ఆడవాళ్ళకు పని ఉండదు. అందుకే ఏ లింకులతో మాకు సంబంధం లేదో సెర్చ్ వాళ్ళకు రాయడానికి, నేనూ కోడలు సునీతా పత్తిలో గింజలు ఏరినట్టు ఏరాం. అయినా సైటు కదలలేదు.

దసరాకు ముందు సునీత మళ్ళీ చూసి తల పట్టుకుంది.

"ఏటత్తా, లక్ష్మి పేరున్నవన్నీ ఉంచేసినావా? ఇవన్నీ లాటరీ సైట్లే!"

"అమ్మవారి పేరు నా చేత్తో ఎలా కొట్టీమంటావే?"

"అమ్మవారు పేకాట ఆడతాదేటి?"

దణ్ణం పెట్టుకుని అన్నీ కొట్టేయించాను. ఈ సాయంత్రం రాయపూర్ నుంచి లక్ష వత్తుల ఆర్డరు వచ్చింది.

ఆ లింకులు పెట్టినవాడు మళ్ళీ పెడితే... వాడికి మంచి బుద్ధి రావాలని వాడి పేరునా ఒక వత్తి వెలిగించాలేమో.

సునీతా, ఈ పేజీలు నీ చేతికొస్తే దాచు, గుడిలో ఎవరికీ చూపించకు. అమ్మవారికి ఎలాగూ తెలుసు.