ఐలయ్య తల ఊపిన నాలుగు సెకన్లు

పెద్దబండ గ్రామం,
హఫీజ్‌పేట్ పోస్టు,
12 ఆగస్టు 1998

సమదృష్టి ఫిలిమ్స్ యజమాని గారికి పెద్దబండ ఐలయ్య నమస్కారం.

ఎండాకాలంలో మీవాళ్ళు కెమెరా పట్టుకొని మా ఊరికి వచ్చారు. మా భూములు తీసుకొని కంప్యూటర్ కంపెనీలకు ఇస్తున్న మంత్రిగారి మీద డాక్యుమెంటరీ తీస్తున్నామని చెప్పారు. నన్ను చేని గట్టు మీద కూర్చోబెట్టి మాట్లాడించారు. ఈ ఎకరన్నర ఇచ్చేది లేదని, పన్నెండు మందిమి కలిసి కోర్టుకు పోయామని గంటసేపు చెప్పాను. అంతా అయ్యాక కెమెరా అతను, "ఇక మాటలొద్దు బాబాయ్, ఊరికే తల ఊపండి" అన్నాడు. ఎందుకని అడిగితే సినిమా ముక్కలు అతికేటప్పుడు పనికొస్తుందన్నాడు. ఊరికి వచ్చినవాళ్ళు అడిగారు కదా అని ఊపాను.

మొన్న ఆదివారం కేబుల్‌లో మీ సినిమా వచ్చింది. అందులో నా మాట ఒక్కటీ లేదు. మంత్రిగారు సభలో "రైతులు సంతోషంగా భూములిచ్చారు" అంటారు. వెంటనే నేను తల ఊపుతాను.

మిగతా పదకొండు మంది నాతో మాట్లాడటం మానేశారు. నేను చాటుగా సంతకం పెట్టి వచ్చానని వాళ్ళ అనుమానం. నవంబరులో కోర్టు వాయిదా ఉంది. దయచేసి ఆ తల తీసెయ్యండి.

ఇట్లు,
ఐలయ్య

తా.క.: తల అంటే మొత్తం నన్నే తీసెయ్యమని. మెడ దాకా ఉంచుతారేమోనని రాస్తున్నాను.

*

కూకట్‌పల్లి,
25 ఆగస్టు 1998

గౌరవనీయులైన ఐలయ్య గారికి,

మీ ఉత్తరం మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించానండి. మా చిత్రం రాజకీయంగా ఒకవైపు మొగ్గిందని మీరు చేసిన విమర్శను గౌరవిస్తున్నాము. ఆలోచించే ప్రేక్షకులు దొరకడం ఈ రోజుల్లో కష్టం.

అయితే ఒక్క సంగతి మనవి చేయాలి. చిత్రంలో మంత్రిగారిని మెచ్చుకున్నది పద్నాలుగు నిమిషాలు, తప్పుపట్టినది పద్నాలుగు నిమిషాలు. స్టాప్‌వాచ్ పెట్టి నేనే కొలిచాను. మిగిలిన రెండు నిమిషాలు బండరాళ్ళు, మబ్బులు. అవి ఎవరి పక్షమూ కాదని మీరూ ఒప్పుకుంటారు.

మీరు ఏ పార్టీ వారో తెలియజేస్తే మీ అభ్యంతరాన్ని ఆ ఫైలులో పెట్టించగలను.

భవదీయుడు,
విశ్వేశ్వరరావు, నిర్మాత

తా.క.: మీరు తల ఊపడం ఎంతో సహజంగా ఉందండి. మంత్రిగారి ఆఫీసు నుంచి కూడా మెచ్చుకుంటూ ఫోను వచ్చింది.

*

పెద్దబండ,
2 సెప్టెంబరు 1998

విశ్వేశ్వరరావు గారికి నమస్కారం.

నాకు పార్టీ లేదు. నేను విమర్శ చెయ్యలేదు. మీ సినిమా మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. నా తల గురించే రాశాను.

నిన్న చాయ్ హోటల్లో నేను పోయి కూర్చోగానే నరేందర్ లేచాడు. అతని చేను, నా చేను పక్కపక్కనే. ఇరవై ఏళ్ళుగా ఇద్దరికీ ఒకటే బావి. ఊపమన్నది మీవాళ్ళని చెప్పబోయాను. "నువ్వు ఊపినవ్, మేం చూసినం. ఇగ ఏం చెప్తవ్ అన్నా?" అని డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఊపిన మాట నిజమే.

సినిమా మళ్ళీ వేసేలోపు తీసెయ్యండి.

ఐలయ్య

తా.క.: పార్టీ లేదంటే వాళ్ళు నమ్మరు, ఏదో ఒకటి రాసెయ్యమని మా ఆమె పోచమ్మ అంటోంది. ఏది రాస్తే తీస్తారో చెప్పండి.

*

కూకట్‌పల్లి,
21 సెప్టెంబరు 1998

ప్రియమైన ఐలయ్య గారికి,

శుభవార్తండి. మీ సూచన ప్రకారం చిత్రాన్ని మళ్ళీ ఎడిట్ చేశాము.

మీ దృశ్యం తీసెయ్యడానికి డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. చిత్రానికి ప్రాణమే అది అన్నారు. కానీ మీ ఆవేదనలో న్యాయం ఉందని గ్రహించి, ప్రతిపక్ష నాయకుడు "రైతుల నోటికాడి కూడు లాక్కున్నారు" అన్నచోట కూడా మీ తలను పెట్టాము. అక్కడ నాలుగు సెకన్లు, ఇక్కడ నాలుగు సెకన్లు. ఇప్పుడు మిమ్మల్ని పక్షపాతి అని ఎవరూ అనలేరు.

ఈ వారంలో రెండుసార్లు ప్రసారం చేశాము.

మీ విశ్వేశ్వరరావు

తా.క.: రెండోచోట మీ తలను కాస్త నెమ్మదిగా కదిలేటట్టు చేశామండి. విషాదం బాగా పలికింది.

*

పెద్దబండ,
5 అక్టోబరు 1998

విశ్వేశ్వరరావు గారికి,

మంత్రిగారి మనుషులు జీపులో వచ్చారు. మొదట ఊపినవాడివి తర్వాత ఎందుకు మాట మార్చావని అడిగారు. వాళ్ళు వెళ్ళిన గంటకు ప్రతిపక్షం వాళ్ళు దండ పట్టుకొని వచ్చారు. వాళ్ళ సభలో వేదిక మీద కూర్చొని ఊపాలట. రానన్నాను. దండ అరుగు మీదే వదిలి వెళ్ళారు. దండ చూసి ఊరివాళ్ళు ఇంకో కథ అల్లుకున్నారు.

ప్రభుత్వ వకీలు మీ మొదటి క్యాసెట్ తెప్పించుకున్నాడట. భూమి ఇవ్వడానికి నేను ఒప్పుకున్నట్టు అదే సాక్ష్యమట. తల ఊపమని చెప్పింది మీవాళ్ళేనని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. ఒక్క వాక్యం చాలు. ఇంకేమీ అడగను.

ఐలయ్య

తా.క.: నీళ్ళు నా వంతు వచ్చిన రోజున మోటారు ఫ్యూజు ఉండటం లేదు. వరి పొట్ట మీద ఉంది.

*

కూకట్‌పల్లి,
26 అక్టోబరు 1998

ఐలయ్య గారికి,

మీరడిగిన కాగితం గురించి మా న్యాయ సలహాదారుతో మాట్లాడానండి. కోర్టులో ఇద్దరు ఉంటారు. ఒకరికి కాగితం ఇస్తే మా సంస్థ పక్షపాతం చూపినట్టవుతుంది. ఇన్నాళ్ళూ పక్షపాతం వద్దని పోరాడిన మీరే ఇలా అడగడం మాకు కొంచెం బాధ కలిగించింది.

అయినా మీ మీద గౌరవంతో ఒక ఏర్పాటు చేశాము. "డాక్యుమెంటరీలో రాజకీయ పక్షపాతం" అని నవంబరు 7వ తేదీ, శనివారం, మీ ఊరి దగ్గర కట్టిన అద్దాల భవనంలో చర్చ పెట్టాము. మీరు ముఖ్య అతిథి.

విశ్వేశ్వరరావు

తా.క.: మీరు మాట్లాడనవసరం లేదండి. కూర్చుంటే చాలు.

*

పెద్దబండ,
22 నవంబరు 1998

విశ్వేశ్వరరావు గారికి,

చర్చకు వచ్చింది మీకు తెలుసు. ఒకాయన సినిమా మంత్రికి వంత పాడిందన్నారు. ఒకాయన మంత్రిని అల్లరి చేసిందన్నారు. ఇద్దరూ ఇంగ్లీషులో నా పేరు చాలాసార్లు ఎత్తారు. మైకు నా దగ్గరికి వచ్చేసరికి హాలు ఖాళీ చెయ్యమన్నారు.

మొన్న గురువారం కోర్టులో మీ క్యాసెట్ వేశారు. జడ్జిగారు రెండుసార్లు చూశారు. ఇతని తల సంగతి పక్కన పెట్టండి, పట్టా ఎవరి పేర ఉంది అని అడిగారు. వకీళ్ళిద్దరూ కాగితాలు తిరగేశారు. పట్టా పోచమ్మ పేర ఉంది. మా మామ పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఆమెకు రాసిచ్చిన చేను అది. ముప్పై ఏళ్ళు దున్నాను కాబట్టి ఊరంతా నా చేనంది. నేనూ అదే అన్నాను. కేసు కూడా నా పేరు మీదే వేశాను.

వెనక బెంచీ మీద ఉన్న పోచమ్మను బోనులోకి పిలిచారు. భూమి ఇవ్వడం నీకు ఇష్టమేనా అని అడిగారు. ఏమంటుందో తెలుసు కదా అని నేను నిమ్మళంగా ఉన్నాను.

"ఇస్త సారూ" అంది. "మూడు నెలలాయె, మా గడప ఎవరు తొక్కలే. ఆఖరికి బాయి నీళ్ళు గూడ బంద్ వెట్టిన్రు. ఈళ్ళ నడుమ ఆ భూమి ఉంచుకొని నేనేం జెయ్యాలె?"

బయటికి వచ్చాక నన్ను ఒక్కమాట అడగకుండా అట్లా ఎందుకు చెప్పావని అడిగాను.

"నన్నెవరు అడిగిన్రు? జడ్జిసారు ఒక్కడే అడిగిండు. చెప్పిన" అంది.

చేను పన్నెండింటికీ మధ్యలో ఉంది, బావి దాంట్లోనే ఉంది. ఇక మిగతావాళ్ళ కేసు నిలవదని మా వకీలు చెప్పాడు. నా గురించి ఊరు అనుకున్నది ఇన్నాళ్ళూ అబద్ధం. గురువారం నుంచి నిజం.

మీ సినిమాలో ఇప్పుడు తప్పేమీ లేదు. అట్లాగే వేసుకోండి.

ఐలయ్య

తా.క.: షూటింగు రోజున మీవాళ్ళకు జొన్నరొట్టెలు చేసి పెట్టింది పోచమ్మే. సినిమాలో తను ఎక్కడ ఉందో చూడమంది. క్యాసెట్ తెచ్చి మూడుసార్లు చూశాను. ఒకచోట రొట్టె వడ్డించే చెయ్యి కనిపించింది. ముఖం లేదు.